పరివర్తక చుట్టల ధ్రువత్వం – విద్యుత్ ప్రవాహ దిశ

లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరవాత మీరు:
• పరివర్తకం రెండు చుట్టల్లో ఏ చివర ఏ చివరకు జోడో గుర్తించగలుగుతారు.
• చుక్క గుర్తును బట్టి ప్రాథమిక, గౌణ ప్రవాహాల దిశలను చెప్పగలుగుతారు.
• ధ్రువత్వాన్ని కనుగొనే రెండు పరీక్షలను వివరించగలుగుతారు.
• ధ్రువత్వం తారుమారైతే త్రిదశ పరివర్తకంలో, సమాంతర సంధానంలో, మీటరులో ఏం జరుగుతుందో లెక్కించగలుగుతారు.

1. పరిచయం

సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ మండలం పేరు పక్కన బ్రాకెట్లో 'ఎస్' అని రాస్తారు. సూర్యాపేటకు అది గుర్తు. ఆత్మకూర్ అనే పేరుతో తెలుగు నేల మీద చాలా ఊళ్ళున్నాయి. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకటి, వనపర్తి జిల్లాలో ఒకటి, నెల్లూరు జిల్లాలో ఇంకొకటి. ఆ ఒక్క అక్షరం ఊరిని మార్చదు. మనం మాట్లాడుతున్నది ఏ ఊరి గురించో చెబుతుంది, అంతే. అది లేకపోతే ఉత్తరం వేరే ఊరికి పోవచ్చు.

పరివర్తకం (ట్రాన్స్‌ఫార్మర్) చుట్టల చివర పెట్టే చుక్క కూడా అలాంటిదే. చుక్క పెట్టినందువల్ల పరివర్తకంలో ఏదీ మారదు. కాని చుక్క తెలియకుండా రెండు తీగలను కలిపితే, వోల్టేజి రెట్టింపు కావలసిన చోట సున్నా రావచ్చు, సున్నా ఉండవలసిన చోట తీగలు కాలిపోవచ్చు.

కౌన్సెలింగ్ తరగతుల్లో ఈ పాఠం దగ్గర అభ్యాసకులు దాదాపు ప్రతి ఏడూ ఒకే ప్రశ్న అడుగుతారు: "ఏకాంతర విద్యుత్తు దిశ ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కదా, మరి దానికి ధనం, రుణం, దిశ అనే మాటలు ఎలా కుదురుతాయి?" న్యాయమైన ప్రశ్న. దానితోనే మొదలుపెడదాం.

మన సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్. అంటే ప్రవాహం సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. కాబట్టి "ఈ చివర ఎప్పుడూ ధనం" అని చెప్పలేం. కాని "ప్రాథమికంలో ఈ చివర ధనంగా ఉన్న క్షణాన, గౌణంలో ఏ చివర ధనంగా ఉంటుంది?" అని అడగవచ్చు. దీనికి ఖచ్చితమైన సమాధానం ఉంది. రెండూ కలిసే మారతాయి కనుక ఆ సమాధానం ఏ క్షణానికైనా ఒక్కటే. పరివర్తక ధ్రువత్వం అంటే ఈ సాపేక్ష సంబంధమే.

2. ఒకే అభివాహం, రెండు చుట్టలు

ఒక కాగితం తీసుకొని దీర్ఘచతురస్రాకారపు ఇనుప కోర్‌ను గీయండి. ఎడమ భుజం మీద ప్రాథమిక చుట్టను గీసి దాని చివరలకు క, ఖ అని, కుడి భుజం మీద గౌణ చుట్టను గీసి దాని చివరలకు గ, ఘ అని పేర్లు పెట్టండి. (ఈ యూనిట్‌లో 'చుట్ట' అంటే మొత్తం తీగచుట్ట, 'చుట్టు' అంటే అందులోని ఒక మెలిక.)

రెండు చుట్టల గుండా పోయేది ఒకే అయస్కాంత అభివాహం. ఫారడే నియమం ప్రకారం ప్రతి చుట్టులోను ప్రేరితమయ్యే వోల్టేజి అభివాహం మారే రేటుకు సమానం. అభివాహం ఒకటే కాబట్టి, ప్రాథమికంలోని ఒక చుట్టుకైనా గౌణంలోని ఒక చుట్టుకైనా ఈ వోల్టేజి ఒకే పరిమాణంలో, అభివాహం చుట్టూ ఒకే తిరుగుడు దిశలో ఉంటుంది. చుట్ల సంఖ్యను బట్టి మొత్తం వోల్టేజి మారుతుంది. తీగ ఏ వైపుగా చుట్టారన్న దాన్ని బట్టి, ఏ చివర ధనమో నిర్ణయమవుతుంది. ధ్రువత్వానికి మూలం తీగ చుట్టిన దిశే తప్ప వేరొకటి కాదు.

3. చుక్క గుర్తు

తయారైన పరివర్తకంలో తీగ ఎటువైపు చుట్టారో బయటికి కనబడదు. ఆ సమాచారాన్ని ఒక్క చుక్కతో చెబుతాం. దీన్ని రెండు విధాలుగా నిర్వచించవచ్చు.

(అ) రెండు చుట్టల్లోను చుక్క ఉన్న చివర నుంచి ప్రవాహాన్ని లోపలికి పంపితే, రెండు ప్రవాహాలూ కోర్‌లో ఒకే దిశలో అభివాహాన్ని కలిగిస్తాయి.
(ఆ) ప్రాథమికంలో చుక్క ఉన్న చివర ధనంగా ఉన్న క్షణాన, గౌణంలో కూడా చుక్క ఉన్న చివరే ధనంగా ఉంటుంది.

ఈ రెండూ ఒకే విషయానికి రెండు ముఖాలు. మొదటిదాన్ని కుడిచేతి నిబంధనతో సరిచూడవచ్చు. ప్రవాహం తిరిగే దిశలో కుడిచేతి వేళ్ళను ముడిస్తే బొటనవేలు అభివాహ దిశను చూపుతుంది. మీ పటంలో క నుంచి ప్రవాహం లోపలికి పోతున్నట్లు ఊహించి, ఎడమ భుజంలో అభివాహం పైకి వెళ్తుందా, కిందికి వెళ్తుందా చూడండి. ఎడమ భుజంలో పైకి వెళ్ళిన అభివాహం కోర్ చుట్టూ తిరిగి కుడి భుజంలో కిందికి దిగుతుంది. గౌణంలో ఏ చివర నుంచి ప్రవాహం పంపితే కుడి భుజంలో అభివాహం కిందికే పోతుందో, ఆ చివరకు చుక్క పెట్టండి.

4. విద్యుత్ ప్రవాహ దిశ

అభ్యాసకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండు చుట్టల్లోను చుక్క చివరలే ధనమైనప్పుడు, రెండు ప్రవాహాలూ చుక్క నుంచి లోపలికే పోవాలి కదా అనుకుంటారు. అలా కాదు.

బ్యాటరీని గుర్తు చేసుకోండి. ఛార్జి చేసేటప్పుడు ప్రవాహం దాని ధన ధ్రువం గుండా లోపలికి పోతుంది. అదే బ్యాటరీ బల్బును వెలిగించేటప్పుడు ప్రవాహం ధన ధ్రువం నుంచి బయటికి వస్తుంది. రెండు సందర్భాల్లోను ధన ధ్రువం మారలేదు. శక్తి తీసుకుంటున్నదా, ఇస్తున్నదా అన్నదే మారింది.

పరివర్తకంలో ప్రాథమిక చుట్ట సరఫరా నుంచి శక్తిని తీసుకుంటుంది. కాబట్టి చుక్క ధనంగా ఉన్న క్షణాన లోడ్ ప్రవాహం చుక్క గుండా లోపలికి పోతుంది. గౌణ చుట్ట లోడ్‌కు శక్తిని ఇస్తుంది. కాబట్టి అదే క్షణాన ప్రవాహం చుక్క నుంచి బయటికి వస్తుంది. గుర్తుంచుకోవలసిన వాక్యం ఇది: ప్రాథమికంలో చుక్క గుండా లోపలికి, గౌణంలో చుక్క గుండా బయటికి.

లెంజ్ నియమం చెప్పేదీ ఇదే. గౌణ ప్రవాహం చుక్క నుంచి బయటికి వస్తున్నది కనుక, అది కోర్‌లో ప్రాథమిక ప్రవాహానికి వ్యతిరేక దిశలో అయస్కాంతచాలక బలాన్ని కలిగిస్తుంది. అభివాహం తగ్గబోతుంది. అయితే అభివాహం ఎంత ఉండాలో నిర్ణయించేది ప్రాథమికానికి ఇచ్చిన వోల్టేజి. ఆ వోల్టేజి మారలేదు. అందువల్ల ప్రాథమిక చుట్ట సరఫరా నుంచి అదనపు ప్రవాహాన్ని తీసుకొని, గౌణం కలిగించిన ఆంపియర్-చుట్లను రద్దు చేస్తుంది. గౌణ చుట్టకూ సరఫరాకూ మధ్య తీగ ఏదీ లేకపోయినా, లోడ్ పెరిగిన సంగతి సరఫరాకు తెలిసేది ఈ విధంగానే.

ఉదాహరణ 1: 500 చుట్ల ప్రాథమికం, 100 చుట్ల గౌణం గల ఆదర్శ పరివర్తకానికి 230 వోల్టులు ఇచ్చి, గౌణానికి 4.6 ఓమ్‌ల నిరోధాన్ని కలిపారు. ప్రవాహాలను కనుక్కోండి.

సాధన: గౌణ వోల్టేజి 230 × 100 ÷ 500 = 46 వోల్టులు. గౌణ ప్రవాహం 46 ÷ 4.6 = 10 ఆంపియర్లు. గౌణ ఆంపియర్-చుట్లు 10 × 100 = 1000. వీటిని రద్దు చేయడానికి ప్రాథమికం తీసుకోవలసిన ప్రవాహం 1000 ÷ 500 = 2 ఆంపియర్లు. సామర్థ్యాన్ని సరిచూస్తే, 230 × 2 = 460 వాట్లు; 46 × 10 = 460 వాట్లు.

నిజమైన పరివర్తకంలో అభివాహాన్ని నిలబెట్టడానికి కొద్దిపాటి అయస్కాంతీకరణ ప్రవాహం కూడా కావాలి. అది 0.2 ఆంపియర్లు అనుకుంటే మొత్తం 2.2 అని రాయకండి. అది లోడ్ ప్రవాహం కంటే సుమారు 90° వెనకబడి ఉంటుంది. కాబట్టి వర్గాల మొత్తానికి వర్గమూలం తీయాలి: సుమారు 2.01 ఆంపియర్లు.

5. ఒక చిక్కు: 0° సరైనదా, 180° సరైనదా?

కొన్ని పుస్తకాల్లో గౌణ వోల్టేజి ప్రాథమిక వోల్టేజికి 180° దశాభేదంతో ఉన్నట్లు వెక్టర్ పటం గీస్తారు. మరి కొన్నింటిలో రెండూ ఒకే దశలో ఉంటాయి. రెండూ చదివిన అభ్యాసకుడు ఒక పుస్తకంలో తప్పుందని అనుకుంటాడు. తప్పు ఎక్కడా లేదు.

మొదటి రకం పుస్తకాలు లెంజ్ నియమంలోని రుణ గుర్తును అలాగే ఉంచి, ప్రాథమికంలో ప్రేరితమయ్యే విద్యుచ్ఛాలక బలాన్ని 'ఇచ్చిన వోల్టేజిని వ్యతిరేకించేది'గా గీస్తాయి. గౌణంలో ప్రేరితమయ్యేదీ అదే అభివాహం వల్లనే కాబట్టి, దాన్ని కూడా ఆ పక్కనే గీస్తాయి. రెండో రకం పుస్తకాలు చివరల మధ్య వోల్ట్‌మీటర్‌తో కొలిచే వోల్టేజినే గీస్తాయి. చుక్క నుంచి చుక్క లేని చివరకు కొలిస్తే రెండు వోల్టేజీలూ ఒకే దశలో ఉంటాయి. గౌణంలో మీటరు తీగలను తారుమారు చేస్తే 180° తేడా వస్తుంది. అంటే ఈ తేడా మనం ఏ చివరను మొదలుగా తీసుకున్నామన్న దానిలో ఉంది. పరీక్షలో సమాధానం రాసేటప్పుడు చుక్కలను ముందుగా గీయండి. అప్పుడు మీ గుర్తుల విషయంలో సందేహానికి తావుండదు.

6. ధ్రువత్వ పరీక్షలు

6.1 ఏకాంతర విద్యుత్ పరీక్ష: క, గ చివరలను ఒక తీగతో కలపండి. క, ఖ లకు సరఫరా ఇవ్వండి. ఖ, ఘ ల మధ్య వోల్ట్‌మీటర్ పెట్టండి. ఉదాహరణ 1లోని పరివర్తకానికి మీటరు 230 – 46 = 184 వోల్టులు చూపితే క, గ లు ఒకే ధ్రువత్వం గలవి. దీన్ని వ్యవకలన ధ్రువత్వం అంటాం. 230 + 46 = 276 వోల్టులు చూపితే క కు జోడు ఘ. ఇది సంకలన ధ్రువత్వం.

జాగ్రత్తలు రెండు. వోల్ట్‌మీటర్ రెండు వోల్టేజీల మొత్తాన్ని తట్టుకోవాలి. సరఫరాను ఎప్పుడూ అధిక వోల్టేజి చుట్టకే, అదీ తగ్గించి ఇవ్వాలి. ఈ పరివర్తకంలోని 46 వోల్టుల చుట్టకు పొరపాటున 230 వోల్టులు ఇస్తే, కోర్ సంతృప్తమై ప్రవాహం విపరీతంగా పెరగడమే కాక, అవతలి చివరల మధ్య ప్రాణాంతకమైన వోల్టేజి వస్తుంది.

6.2 ఏకముఖ విద్యుత్ పరీక్ష: అధిక వోల్టేజి చుట్టకు 1.5 వోల్టుల ఘటాన్ని స్విచ్ ద్వారా కలపండి. ఘటం ధన ధ్రువం క వైపు ఉండాలి. గౌణానికి మధ్యలో సున్నా ఉన్న గాల్వనామీటరును, దాని ధన చివర గ వైపు ఉండేటట్లు కలపండి. స్విచ్ వేసిన క్షణంలో ముల్లు ధన దిశలో కదిలి వెనక్కి వస్తే క, గ లు జోడు. స్విచ్ తీసేటప్పుడు ముల్లు ఎదురు దిశలో కదులుతుంది. ఆ సమయంలో అధిక వోల్టేజి చుట్ట చివరలను తాకకూడదు. ఘటం చిన్నదే అయినా గట్టి షాక్ కొట్టగలదు.

ఈ పరీక్ష కొత్తదేమీ కాదు. 1831 ఆగస్టు 29న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఇనుప వలయం మీద రెండు చుట్టలు చుట్టి, బ్యాటరీ కలిపినప్పుడు సూచిక ఒకవైపు, తీసినప్పుడు మరోవైపు కదలడం చూశాడు. ఆ దిశ నియమాన్ని 1834లో లెంజ్ సూత్రీకరించాడు. రివైండింగ్ దుకాణంలో నేటికీ చేసే పరీక్షలో ఉన్నది ఆ ప్రయోగమే.

7. పొలం దగ్గరి త్రిదశ పరివర్తకం

ఆత్మకూర్ (ఎస్) పరిసరాల్లో బోరు మోటార్లకు సరఫరా ఇచ్చే పరివర్తకాన్ని గమనించండి. దూరం నుంచి చూడండి, గద్దె మీదికి ఎక్కకండి. పైన 11 కిలోవోల్టుల తీగలు మూడు. కింద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఇటువంటి పరివర్తకాల్లో అధిక వోల్టేజి చుట్టలను డెల్టాగా, అల్ప వోల్టేజి చుట్టలను స్టార్‌గా కలుపుతారు. పేరు పలక మీద ఉండే 'డివైఎన్ 11'లో 'డి' డెల్టాను, 'వై' స్టార్‌ను, 'ఎన్' బయటికి తెచ్చిన న్యూట్రల్‌ను సూచిస్తాయి. 11 గడియారంలోని గంట. అధిక వోల్టేజి వెక్టర్‌ను 12 మీద నిలిపితే అల్ప వోల్టేజి వెక్టర్ 11 మీద ఉంటుంది. అంటే 30° ముందుంటుంది.

ఖాళీగా ఉన్నప్పుడు అల్ప వోల్టేజి వైపు ఫేజుల మధ్య 433 వోల్టులు, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 250 వోల్టులు ఉంటాయి. ఒక్కో భుజం మీద 11,000 వోల్టుల చుట్ట ఒకటి, 250 వోల్టుల చుట్ట ఒకటి. చుట్ల నిష్పత్తి 44.

ఇప్పుడు అసలు ప్రశ్న. కాలిపోయిన పరివర్తకాన్ని మళ్ళీ చుట్టేటప్పుడు అల్ప వోల్టేజి చుట్టల్లో ఒకదాని రెండు చివరలూ తారుమారయ్యాయనుకోండి. ఏం జరుగుతుంది?

ఉదాహరణ 2: మూడు ఫేజుల వోల్టేజీలు ఉండవలసిన కోణాలు 0°, –120°, +120°. మూడో చుట్ట తిరగబడితే దాని కోణం –60° అవుతుంది. ఒకటి, రెండు ఫేజుల మధ్య కోణం 120° కాబట్టి వాటి మధ్య 433 వోల్టులే ఉంటాయి. రెండు, మూడు ఫేజుల మధ్య కోణం 60° మాత్రమే. 250 వోల్టుల వెక్టర్లు రెండు 60° కోణంలో ఉంటే వాటి భేదం కూడా 250 వోల్టులే. మూడు, ఒకటి ఫేజుల మధ్య కూడా అంతే. అంటే 433, 250, 250.

దీనిలోని ప్రమాదాన్ని గమనించారా? టెస్టు లైటు పట్టుకొని ప్రతి ఫేజునూ న్యూట్రల్‌తో పరీక్షించినవారికి మూడు చోట్లా 250 వోల్టులే కనిపిస్తాయి. బల్బు మూడు చోట్లా ఒకే వెలుగునిస్తుంది. "సరఫరా బాగానే ఉంది, మోటారులోనే లోపం" అని తేల్చేస్తారు. స్టార్టర్ వేస్తే మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది. రక్షణ సాధనాలు సరిగా లేకపోతే కాలిపోతుంది. బాగుచేయించి దించిన మోటారు మళ్ళీ కాలుతుంది. ఒక కౌన్సెలింగ్ తరగతిలో రైతు కుటుంబం నుంచి వచ్చిన అభ్యాసకుడు తమ పొలంలో సరిగ్గా ఇలాగే జరిగిందని చెప్పాడు. బోరులోంచి పైపులన్నీ రెండుసార్లు పైకి తీశారట. చివరికి ఎవరో ఫేజుకూ ఫేజుకూ మధ్య కొలిచాకగాని లోపం బయటపడలేదు. రెండు నిమిషాల పరీక్ష ముందే చేసి ఉంటే ఆ ఖర్చు, ఆ ఎండిన మడి ఉండేవి కావు. కాబట్టి త్రిదశ సరఫరాను పరీక్షించేటప్పుడు ఫేజు–న్యూట్రల్ వోల్టేజీలు మూడూ, ఫేజు–ఫేజు వోల్టేజీలు మూడూ, మొత్తం ఆరు కొలతలు తీసుకోవాలి.

దీన్ని ఫేజుల క్రమంతో కలపకండి. ఏ రెండు ఫేజు తీగలను మార్చినా మోటారు ఎదురు తిరుగుతుంది, నీరు తక్కువ పోస్తుంది. కాని మూడు వోల్టేజీలూ సమానంగానే ఉంటాయి. అది క్రమదోషం, ధ్రువత్వ దోషం కాదు.

8. సమాంతర సంధానం, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్

8.1 ఉదాహరణ 1లోని పరివర్తకాలు రెండింటి గౌణ చుట్టలను సమాంతరంగా కలపాలంటే చుక్క చివరను చుక్క చివరతోనే కలపాలి. అప్పుడు వలయంలో వోల్టేజి 46 – 46 = 0. తారుమారైతే 46 + 46 = 92 వోల్టులు. ఒక్కోదాని అంతర అవరోధం 4 శాతం, అంటే 0.184 ఓమ్‌లు అనుకుంటే, లోడ్ ఏదీ లేకుండానే వలయంలో 92 ÷ 0.368 = 250 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 10 ఆంపియర్లకు తయారైన తీగలో 25 రెట్లు! అందుకే చివరి సంధానం బిగించే ముందు ఆ ఖాళీలో వోల్ట్‌మీటర్ పెట్టి సున్నా చూడాలి.

8.2 మిర్యాలగూడ ప్రాంతంలోని రైసు మిల్లుల వంటి పెద్ద వినియోగదారుల ప్రవాహాన్ని మీటరుకు నేరుగా ఇవ్వరు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా తగ్గించి ఇస్తారు. దాని చివరల మీద పి1, పి2, ఎస్1, ఎస్2 అని ఉంటుంది. పి1, ఎస్1 లు జోడు. మూడింటిలో ఒకదాని ఎస్1, ఎస్2 లు తారుమారైతే, ఆ ఫేజు సామర్థ్యం కలవడానికి బదులు తీసివేతకు వస్తుంది. సమతుల లోడ్ దగ్గర, నికర సామర్థ్యాన్ని కొలిచే మీటరు 1 + 1 – 1 = 1, అంటే వాస్తవంలో మూడో వంతే చూపుతుంది.

కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గౌణాన్ని ప్రవాహం ఉండగా తెరవకూడదు. కారణం నాల్గవ విభాగంలోనే ఉంది. ఇక్కడ ప్రాథమిక ప్రవాహాన్ని మిల్లు లోడ్ నిర్ణయిస్తుంది. గౌణం తెరిస్తే దాన్ని ఎదిరించే ఆంపియర్-చుట్లు ఉండవు. ప్రాథమిక ప్రవాహం మొత్తం కోర్‌ను అయస్కాంతీకరించడానికే పోయి, తెరిచిన చివరల మధ్య ప్రమాదకరమైన వోల్టేజి వస్తుంది.

9. తిరుగు సరఫరా

'ప్రాథమికం', 'గౌణం' అన్నవి మనం పెట్టిన పేర్లు. శక్తి ఎటునుంచి వస్తే అది ప్రాథమికం. పగటిపూట ఇంటి కప్పు మీది సౌర పలకల నుంచి మిగులు విద్యుత్తు లైనులోకి పోయేటప్పుడు, వోల్టేజీల ధ్రువత్వం మారదు. ప్రవాహాల దిశ మాత్రం మారుతుంది. అల్ప వోల్టేజి చుట్టలో చుక్క గుండా లోపలికి, అధిక వోల్టేజి చుట్టలో చుక్క గుండా బయటికి. గ్రిడ్‌కు కలిసే ఇన్వర్టర్లను లైను పోగానే ఆగిపోయే విధంగా తయారుచేస్తారు.

అటువంటి ఏర్పాటు లేని జనరేటరును, మార్పిడి స్విచ్ లేకుండా ఇంటి తీగలకు కలిపితే ఏమవుతుంది? 230 వోల్టులు ఫేజు, న్యూట్రల్ తీగల ద్వారా పరివర్తకం అల్ప వోల్టేజి చుట్టకు చేరతాయి. నిష్పత్తి 44 కాబట్టి అవతలి చుట్టలో 10,000 వోల్టులకు పైగా ప్రేరితం కాగలదు. సబ్‌స్టేషన్‌లో లైను ఆపించుకొని, లైనులో విద్యుత్తు లేదన్న నమ్మకంతో స్తంభమెక్కిన మనిషి చేతి దగ్గర ఆ వోల్టేజి ఉంటుంది. పరివర్తకానికి ఏ వైపు సరఫరాయో, ఏ వైపు లోడో తెలియదు. తెలియవలసింది మనకు. ఏబీ స్విచ్ తీసినా, లైనును పరీక్షించి ఎర్త్ చేయనిదే పని మొదలుపెట్టకూడదన్న నియమం ఇందుకే. శిక్షణ లేనివారు ఫ్యూజు కోసం గద్దె ఎక్కకూడదన్నదీ ఇందుకే.

10. సారాంశం

పరివర్తక ధ్రువత్వం రెండు చుట్టల చివరల మధ్య గల సాపేక్ష సంబంధం. తీగ చుట్టిన దిశ దాన్ని నిర్ణయిస్తుంది, చుక్క దాన్ని తెలుపుతుంది. చుక్క చివరలన్నీ ఒకే క్షణాన ధనమవుతాయి. శక్తి తీసుకునే చుట్టలో ప్రవాహం చుక్క గుండా లోపలికి, శక్తి ఇచ్చే చుట్టలో చుక్క గుండా బయటికి ఉంటుంది. ఆ రెండింటి ఆంపియర్-చుట్లు దాదాపు సమానంగా ఉండి ఒకదాన్నొకటి ఎదిరిస్తాయి. చుక్క తెలియనప్పుడు ఊహించకూడదు, పరీక్షించాలి.

11. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) 240/60 వోల్టుల పరివర్తకానికి ఏకాంతర విద్యుత్ పరీక్షలో వోల్ట్‌మీటర్ 300 చూపింది. క కు జోడు ఏది?
2) 25 కెవిఎ, 11,000/433 వోల్టుల పరివర్తకంలో పూర్తి లోడ్ దగ్గర అల్ప వోల్టేజి లైను ప్రవాహం ఎంత? అధిక వోల్టేజి చుట్టలో ప్రవాహం ఎంత?
3) గౌణాన్ని డెల్టాగా కలుపుతూ చివరి మూలను తెరిచి ఉంచి కొలిస్తే, ఒక ఫేజు వోల్టేజికి రెట్టింపు కనిపించింది. దీని అర్థమేమిటి?
4) లోడ్ పెరిగినా కోర్‌లోని అభివాహం ఎందుకు దాదాపు మారదు?

జవాబులు: 1) ఘ. 2) సుమారు 33.3 ఆంపియర్లు; 33.3 ÷ 44 = సుమారు 0.76 ఆంపియర్లు. 3) ఒక చుట్ట తిరగబడింది, సున్నా చూపేవరకు మూలను మూయకూడదు. 4) విభాగం 4 చూడండి.